కాళ్ల తిమ్మిర్లు – విటమిన్లు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే మాస్టరును. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. ఈ నాలుగు మాటలు చెప్పడానికి కారణం మా అమ్మీ.

అమ్మీకి పన్నెండేళ్లుగా షుగరు. అరికాళ్లలో చీమలు పాకినట్లుందని, పాదాలు "సున్" అయిపోతున్నాయని తరచు చెప్పేది. "వయసు మీద పడింది కదా అమ్మీ" అని నేను తేలిగ్గా తీసేశాను. అలా రెండేళ్లు గడిచాయి. ఒక చలికాలం తెల్లవారుజామున వజూకోసం కాళ్లమీద నీళ్లు పోసుకుంది. నీళ్లు మరీ వేడిగా ఉన్నాయన్న సంగతి ఆమెకు తెలియనే లేదు. పాదం బొబ్బలెక్కింది. చూసి కేకపెట్టింది మా చిన్నపాప.

పరీక్ష చేయిస్తే, షుగరుతోబాటు బి12 విటమిను కూడా బాగా తగ్గిపోయిందన్నారు డాక్టరుగారు. "మాంసం తినే ఇల్లు కదండీ మాది, మాకెందుకీ లోపం?" అన్నాను. మీలో చాలామందికి ఇదే సందేహం వస్తుంది. దానికి జవాబు ఒక్కటే: తినడం వేరు, తిన్నది ఒంటికి పట్టడం వేరు.

కరెంటు తీగకు రబ్బరు తొడుగు ఉన్నట్లే మన నరాలకూ ఒక పొర ఉంటుంది. అది చెడకుండా ఉండాలంటే బి12 కావాలి. ఇది మాంసం, కాలేయం, చేపలు, గుడ్లు, పాలలో దొరుకుతుంది. కాని ఒంటికి పట్టాలంటే జీర్ణాశయం సరిగ్గా పనిచేయాలి. వయసుతో ఆ శక్తి తగ్గవచ్చు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర, గ్యాసుకు వాడే కొన్ని మాత్రలు ఏళ్ల తరబడి మింగినా బి12 తగ్గవచ్చు. అలాగని షుగరు మాత్ర మీకై మీరు మానకండి, డాక్టరునడిగి బి12 పరీక్ష చేయించుకోండి.

ఇంకో మాట. మన ఇళ్లలో ఆడవాళ్లు అందరికీ వడ్డించి చివరికి కూర్చుంటారు. అప్పటికి గిన్నెలో మిగిలేది సాలన్ మాత్రమే, ముక్కలు కాదు. అలాంటప్పుడు మాంసం తినే ఇల్లని చెప్పుకొని ఏం లాభం?

విటమిను లేక నరాలు చెడడం కొత్త సంగతేమీ కాదు. ఒకప్పుడు కోస్తా జిల్లాల్లో, మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తినేవారిలో బెరిబెరి కనిపించేది. తవుడుతోబాటే బి1 విటమిను పోయి, కాళ్లు మొద్దుబారి, నడక పోయేది. ఉప్పుడు బియ్యం తినేవారికి ఆ బాధ చాలా తక్కువ. ఈ జబ్బుమీద పరిశోధనకే 1918లో కూనూరులో ఒక చిన్న కేంద్రం పెట్టారు. 1958లో అది హైదరాబాదుకు వచ్చింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

అయితే తిమ్మిరి అనగానే మందుల షాపుకు పోయి బలం మాత్రలు కొనుక్కోవద్దు. బి12 లోపమున్నవారు ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే వాడితే రక్తం మెరుగైనట్లు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం చెడుతూనే ఉంటాయి. బి6 మోతాదు మించి చాలాకాలం వాడితే దానివల్లనే తిమ్మిర్లు వస్తాయి. తిమ్మిరికి షుగరు కూడా కారణం కావచ్చు. చర్మంమీద స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్ఠు కావచ్చు, దానికి ప్రభుత్వాసుపత్రిలో మందు ఉచితం, నయమవుతుంది. ఏదన్నది తేల్చవలసినది డాక్టరు.

ఇంజెక్షన్లు వేయించాక మా అమ్మీకి చీమలు పాకడం తగ్గింది, నడక కుదుటపడింది. కాని ఎడమపాదం వేళ్లకు స్పర్శ ఈనాటికీ పూర్తిగా రాలేదు. ఆలస్యమైతే చెడిన నరం మళ్లీ మొత్తం బాగుపడకపోవచ్చునట. ఆ రెండేళ్లూ నేను పోగొట్టినవే.

అందుకే మనవి చేస్తున్నాను. షుగరున్న పెద్దల పాదాలు రోజూ ఒకసారి చూడండి. వేడినీళ్లు ముందు మీరు చేత్తో చూసి ఇవ్వండి. మీ ఇంట్లో అమ్మ కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే "వయసు" అనకండి. ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.