రుషికొండకు ఎదుటి ఊరు

రుషికొండ ఇసుకమీద నిలిచి సూటిగా ముందుకు చూచినచో మనకు నీరు తప్ప మరేమియు కనబడదు. కాని ఆ చూపు ఆగ్నేయదిశగా ఇంచుమించు 1,200 కిలోమీటర్లు సాగగలిగినచో తగులునట్టి నేల అండమాను దీవులు. ఆ దీవుల ముఖ్యపట్టణమును మనమందరము పోర్టుబ్లెయరనియే ఎరుగుదుము. 2024 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము దానికి శ్రీవిజయపురమని పేరు మార్చినది. విశాఖపట్టణపు వారికి అది మరీ పరాయిచోటు కాదు. ఇచ్చటి రేవులో ఓడ యెక్కి రెండు రాత్రులు నిద్రించి లేచినవారు మూడవనాటికి ఆ ఊరు చేరుదురు.

నాలుగైదు దినముల సెలవులో ఆ దీవిపట్టణమును చూచి రాదలచినవారికి నా అనుభవమున తెలిసిన సంగతులు కొన్ని మనవి చేయుదును. నేను అచ్చటికి రెండుమారులు వెళ్ళితిని. మొదటిమారు నేను చేసిన ఏర్పాటు పూర్తిగా చెడినది. అది ముందు చెప్పుట న్యాయము.

నాకు దొరికినవి మూడు రాత్రులు. ఏ గంటకు ఏది చూడవలెనో కాగితముపై వ్రాసికొని బయలుదేరితిని. పూర్వము హావెలాకని పేరుపొందిన స్వరాజ్ ద్వీపమును చిట్టచివర పెట్టుకొంటిని. సుమారు రెండు గంటల పడవప్రయాణమే కదా, ఉదయము తిరిగివచ్చి మధ్యాహ్నము విమానమెక్కవచ్చునని నా లెక్క. ఆ ఉదయము సముద్రము పొంగినది. పడవలు కదలలేదు. మేము ఆ ద్వీపముననే చిక్కుపడితిమి. విమానము మమ్ములను విడిచి పోయినది. మరునాడు రెట్టింపు వెల పెట్టి టిక్కెట్లు కొని ఇల్లు చేరితిమి. డబ్బు పోవుట అటుంచుడు. మా అమ్మ తమ్ముడు 1968లో కట్టడపు పనులకని ఓడ యెక్కి వెళ్ళి ఆ పట్టణముననే స్థిరపడినాడు. నా కాగితములో ఆయనకు చివరిదినమున అరగంట కేటాయించి యుంటిని. ఆ అరగంట సముద్రము పాలైనది.

ఇంటికి రాగానే మా అమ్మ అడిగినది ఒక్కటే మాట: "ఏటిరా, అంత దూరం ఎల్లి నా తమ్ముణ్ణి సూడకుండానే వచ్చేసినావా?"

రెండవమారు ఆమెను వెంటబెట్టుకొని వెళ్ళితిని. ఆమెకు అప్పటికి 76 ఏండ్లు. తమ్ముడు ఓడమీద వెళ్ళినాడు గనుక తానును ఓడమీదనే వెళ్ళెదనని పట్టుపట్టినది. ఓడ మంచిదే. తీరిక గలవారికి దానిని మించిన ప్రయాణము లేదు. కాని లెక్క చూడుడు: పోవుటకు రెండున్నర దినములు, వచ్చుటకు రెండున్నర దినములు. ఐదు దినముల సెలవు నీటిమీదనే తీరిపోవును. అదిగాక మన రేవునుండి ఓడ నిత్యము లేదు. ఏ దినమున కదలునో తేదీ ప్రకటించిన పిదపగాని తెలియదు. సెలవు ముందే ఖాయమైన ఉద్యోగి దానిని నమ్ముకొనరాదు. చెన్నపట్టణమునుండి విమానము రెండు గంటలకు కొంచెము మించి పట్టును. అమ్మకు ఈ లెక్క నచ్చలేదు గాని మోకాళ్ళ నొప్పులు నా పక్షము వహించినవి.

ఎప్పుడు పోవలెనన్నది తరువాతి ప్రశ్న. ఆ దీవులకు నైరుతి ఋతుపవనమును, ఈశాన్య ఋతుపవనమును రెండును తగులును. ఏటికి మూడువేల మిల్లీమీటర్ల వర్షము పడును. మే మాసమున మొదలైన వానలు డిసెంబరు వచ్చువరకు పూర్తిగా వదలవు. కావున జనవరినుండి ఏప్రిలు నడిమివరకు గల కాలము శ్రేష్ఠము. అక్టోబరు, నవంబరు మాసములలో మన తీరమును బాధించు తుపానులలో కొన్ని ఆ పరిసరముననే పుట్టుచుండును. 2014 అక్టోబరు 12న విశాఖను ఊపివేసిన హుద్‌హుద్ నాలుగు దినములకు ముందు, అనగా 8వ తేదీన, అండమాను దీవులను దాటి వచ్చినదే.

ఇంకొక సంగతి చాలమందికి తట్టదు. ఆ పట్టణము మనకు తూర్పున తొమ్మిది డిగ్రీలకు పైగా ఉన్నది. గడియారము మాత్రము మనదే. అందుచేత అచ్చట సూర్యుడు మనకంటె ఇంచుమించు 40 నిమిషములు ముందు నడచును. డిసెంబరులో సాయంకాలము ఐదు గంటలకే ప్రొద్దు క్రుంకును. ఐదింటికి తీరమునకు షికారు పోదమనుకొన్నవారు చీకటిని చూచి రావలసినదే. తెల్లవారుజామున లేచి పనులు ప్రారంభించి, మధ్యాహ్నము విశ్రమించుట ఆ ఊరి పద్ధతి.

ఇక చూడదగినవి. సెల్యులర్ జైలుకు సగము దినము తక్కువ కాకుండ ఉంచుకొనుడు. 1896లో మొదలిడి 1906లో ముగించిన ఆ కట్టడమునకు నడుమ ఒక గోపురము, చుట్టును చక్రపు ఆకులవలె ఏడు బారులు ఉండెడివి. నేడు మూడు మాత్రమే మిగిలినవి. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క ఖైదీ. ఒక బారులోనివాడు మరియొక బారులోనివాని ముఖము చూడకుండునట్లు కట్టినారు. మన మన్యమునుండి అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాము మల్లుదొర అండమాను శిక్ష అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్టణమునుండి తొలి లోక్‌సభకు ఎన్నికైనాడు. ఆ గదులలో ఒకదాని తలుపు లోపలికి తోసి ఆ మాట పిల్లలకు చెప్పినచో పాఠ్యపుస్తకము కంటె ఎక్కువ పనిచేయును.

ఎదుట నున్న చిన్న దీవి పూర్వపు రాస్ ద్వీపము. 2018 నుండి దానికి నేతాజీ సుభాస్ చంద్రబోస్ ద్వీపమని పేరు. జపాను సేనలు 1942లో వచ్చువరకు ఆంగ్లేయ అధికారుల నివాసము అచ్చటనే. నేడు ఆ మేడల గోడలను చెట్లవేళ్ళు పట్టుకొని నిలబెట్టుచున్నవి. పడవలో కొద్ది నిమిషములు. ఒక ఉదయము చాలును. 1883 నాటి చాథం కోతమిల్లును వడ్రంగము తెలిసినవారు తప్పక చూడవలెను, తెలియనివారు విడువవచ్చును.

స్వరాజ్ ద్వీపములోని రాధానగర్ తీరము పేరుమోసినది. 2020లో మన దేశమున మొదటిసారిగా నీలిపతాక గుర్తింపు పొందిన ఎనిమిది తీరములలో అదియొకటి. మన రుషికొండయు ఆ ఎనిమిదింటిలోనిదే. కావున కేవలము ఇసుకకొరకు అంతదూరము పోనక్కరలేదని నా అభిప్రాయము. పోదలచినవారు మొదటి దినములలోనే పోయి రండు. విమానమునకు ముందు ఒక పూర్తి దినము పట్టణముననే ఉండుడు. తీరమున కనబడిన పగడపు ముక్కలను ఏరి సంచిలో వేసికొనరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వానికి వర్తించును.

బారాటాంగు దీవిలోని గుహలకు పోవు దారి జారవాల అడవిగుండ సాగును. వారి బొమ్మలు తీయుట, వారికి ఏమైన ఇచ్చుట నేరము. బండి కిటికీనుండి మనుష్యులను చూచుటకు పోవుట నాకు ఇష్టములేక ఆ ప్రయాణమును కాగితమునుండి కొట్టివేసితిని.

భాషకు బెంగలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో నూటికి పదముగ్గురు తెలుగువారు. అబర్డీన్ బజారులో కూరలు బేరమాడునప్పుడు శ్రీకాకుళపు యాస చెవిని పడును. జంగ్లీఘాట్‌లో మన పల్లెకారుల ఇండ్లు బారులు తీరి యున్నవి. మా మేనమామ ఇల్లు ఆ దాపుననే.

ఈమారు మొదటి మధ్యాహ్నమే అచ్చటికి పోయితిమి. అక్కాతమ్ములు చాలసేపు ఏమియు మాటలాడలేదు. పిదప చేపలపులుసుతో భోజనమైనది. అమ్మ తెచ్చిన మామిడితాండ్రను మామయ్య మనుమలు పంచుకొనిరి. అప్పుడు ఆయన భీమునిపట్టణములో ఇంటి వెనుకనున్న చింతచెట్టు సంగతి అడిగినాడు. అది హుద్‌హుద్ నాడే కూలినది. అమ్మ ఇన్నేండ్లలో ఫోనులో ఎన్నడును ఆ మాట చెప్పలేదట.

"ఆ గాలి ముందు మా దీవుల మీంచే ఎల్లిందే అక్కా" అని ఆయన కొంతసేపటికి అనెను. అమ్మ తమలపాకు మడచి ఆయన చేతికిచ్చినది.