రాయి పడలేదు, హెడ్డింగు పడింది

(కార్యకర్తల తరగతిలో మాట్లాడిన మాటలు)



స్కైలాబ్ సంగతి మన పెద్దోళ్లకు గుర్తే. 1979లో అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం కూలుతుందన్నారు. ఆ కబురు మన ఊళ్లకొచ్చేసరికి 'లోకం అంతమైపోద్ది' అయింది. ఎట్లాగూ చస్తాం కదా అని కోళ్లూ మేకలూ కోసుకు తిన్నోళ్లున్నారు, ఉన్నది అమ్ముకున్నోళ్లున్నారు. జూలై 11న దాని ముక్కలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. ఏ మనిషికీ దెబ్బ తగల్లేదు. మన దొడ్లో మేక మాత్రం లేదు.

అప్పుడు చదువు లేక మోసపోయామనుకుందాం. మరి 2025లో?

2024 డిసెంబర్ 27న చిలీ దేశంలోని టెలిస్కోపుకి ఒక గ్రహశకలం కనబడింది. పేరు 2024 వైఆర్4. అది 2032 డిసెంబర్ 22న భూమికి తగలొచ్చన్నారు. 2025 ఫిబ్రవరి 18న నాసా లెక్క నూటికి 3.1. అంటే తగలకపోయే అవకాశం దాదాపు 97. హెడ్డింగులేమో 'సిటీ కిల్లర్' అని అరిచాయి. 97 అడుగున చిన్నక్షరాల్లో పడింది.

ఆ అంకె ఎందుకు పెరిగింది? మేక తప్పిపోయిందనుకోండి. వాడలో వంద ఇళ్లు. మన దొడ్లో ఉండే అవకాశం నూటికి ఒకటి. 68 ఇళ్లు వెతికారు, దొరకలేదు. మిగిలినవి 32. ఇప్పుడు మన వంతు నూటికి మూడు దాటింది. మేక మన వైపు నడిచిందా? లేదు, వెతుకులాట ముందుకు సాగింది. ఇంకో దొడ్లో దొరికితే మన వంతు సున్నా.

అట్లాగే ఫిబ్రవరి 24కల్లా ఆ అంకె 0.004కు పడిపోయింది. రాయి దారి మారలేదు, కొలత మెరుగైంది.

రాళ్లు పడవని మేం అనడం లేదు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద ఒకటి ఆకాశంలోనే పేలింది. అద్దాలు పగిలి, దాదాపు 1,500 మంది గాయపడ్డారు. ఊరికే 'పులి, పులి' అని అరిస్తే, నిజంగా పులి వచ్చిననాడు ఎవరు వింటారు?

శాస్త్రజ్ఞులను నమ్మొద్దని కూడా అనడం లేదు. వాళ్ల మాటకూ హెడ్డింగుకూ మధ్యలో ఎవడు దూరాడో చూడమంటున్నాం. పేపరు చదివి వినిపించే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, చివరి లైను దాకా చదవండి. వినేవాళ్లు మూడు మాటలు అడగండి: చెప్పిందెవరు? నూటికెంత? ఇంకా కొలవాల్సిందేమైనా ఉందా?

జవాబు వచ్చేదాకా మేకను అమ్మకండి.