బుట్టబంతి యాట: నాటివారా? నేటివారా?



తమ యౌవనమున జూచిన శూరులే శూరులని వాదించుట వృద్ధులకు సహజము. రచ్చబండపై మనము మల్లులనుగూర్చి చేయు వాదమునే అమెరికావారు బాస్కెట్‌బాల్ అను బుట్టబంతి యాటనుగూర్చి చేయుచుందురు. నేటి యాటగాండ్రు పూర్వులకంటె నేర్పరులా యనునది ప్రశ్న.

ఈ క్రీడ 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున బుట్టినది. జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలమున విద్యార్థులు ఇంటిలోపల నాడుకొనుటకై, పండ్లబుట్టలు రెండింటిని పదియడుగుల యెత్తున గట్టించి వానిలో బంతి వేయుడనెను. బుట్టకు అడుగుండుటచే, పడిన బంతిని ఎవరైన పైకెక్కి తీయవలసివచ్చెడిది!

పూర్వుల యాట మందకొడియని నేటివారు నవ్వుదురు. 1950 నవంబరు 22వ తేదీన ఫోర్ట్‌వేన్ జట్టు మినియాపొలిస్ జట్టును 19-18తో గెలిచినమాట నిజమే. కాని బంతిని చేతబట్టుకొని కాలము గడపుటకు నాడు నిషేధము లేదు. 24 సెకండ్లలో బంతిని బుట్టవైపు విసరవలెనను నియమము 1954లో గాని రాలేదు. దూరమునుండి వేసినవానికి మూడంకెలిచ్చు పద్ధతి ఆ వృత్తిసంఘమున 1979లో మొదలయ్యెను. లాభము లేని విద్యను ఎవ్వడభ్యసించును? లాభము కలిగినపిమ్మట, 2015-16 పోటీలలో స్టీఫెన్ కరీ అట్టివి 402 వేసెను. మరియు 1950వరకు ఆ సంఘమున నల్లజాతివారికి ప్రవేశమే లేదు. సగము వాకిళ్లు మూసి ఎన్నుకొన్న వీరులను సర్వశ్రేష్ఠులనుట యెట్లు? ఈ విషయమున నేను నేటివారి పక్షమువాడను.

మన యాలంకారికులు కవికి ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసము అని మూడు చెప్పిరి. కడపటి రెండును నేటివారికి హెచ్చినవనుట నిర్వివాదము. ప్రతిభ హెచ్చినదా యనుటకు నియమములు మారని పరీక్ష యొకటి కావలెను. అది ఆ యాటలోనే యున్నది. ఎదుటివాడు తప్పుచేసినప్పుడు, పదునైదడుగుల దూరమున నిలిచి, అడ్డము లేకుండ బంతి వేయనిత్తురు. దీనిని ఫ్రీ త్రో యందురు. దూరము మారలేదు, ఎత్తును మారలేదు. 1970 ప్రాంతమున నూటికి ఇంచుమించు 75 పడుచుండెడివి. ఇన్ని యంత్రములు, ఇందరు శిక్షకులు వచ్చియు ఏయేటి సగటును 80 అందుకొనలేదు.

ఇందొక చిత్రము. రిక్ బారీ అనునాతడు రెండుచేతులతో బంతిని మోకాళ్లవద్దనుండి పైకి విసరి, నూటికి తొంబదికి దగ్గరగా వేసెను. విల్ట్ చాంబర్లేను మహాకాయుడు. ఈ పనిలో మాత్రము మిగుల దుర్బలుడు, జీవితమంతటను సగముకంటె కొంచెమే వేయగలిగెను. అట్టివాడును 1962 మార్చి 2న న్యూయార్కు జట్టుపై నూరంకెలు సాధించిననాడు, ఈ క్రిందిచేతి పద్ధతితోనే 32 విసురులలో 28 వేసెను. అయినను, ఆడుపిల్లవలె గనబడుచున్నానని సిగ్గుపడి దానిని విడిచిపెట్టెను. అది తన పొరపాటని పిమ్మట స్వీయచరిత్రలో ఒప్పుకొనెను. నేటివారిలోను ఆ పద్ధతిని చేపట్టినవారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే.