మన అపరాలకూ వంతు రావాలి



2025 మే 4న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జన్యు సవరణ వరి రకాలను విడుదల చేశారు. ఆ రెండింటి పుట్టిల్లూ తెలుగు నేలే. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి నుంచి రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ తీసింది డీఆర్ఆర్ ధాన్ 100, అంటే కమల. మన కాటన్‌దొర సన్నాలు, అదే ఎంటీయూ 1010 నుంచి, బెట్టనూ చౌడునూ తట్టుకునేలా ఢిల్లీ పూసా సంస్థ తీసింది పూసా డీఎస్టీ రైస్ 1.

కమలలో జరిగిన పని చూడండి. వెన్నులో గింజలు పెరగాలంటే సైటోకైనిన్ అనే హార్మోను నిలవాలి. దాన్ని విరగ్గొట్టే ఎంజైమును తయారుచేసేది సీకేఎక్స్2 జన్యువు. క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతిలో ఒక చిన్న గైడ్ ఆర్ఎన్ఏ క్యాస్ ప్రోటీన్‌ను సరిగ్గా ఆ చోటికే నడిపిస్తుంది, ఆ ప్రోటీన్ డీఎన్ఏను తెంచుతుంది. మొక్క దాన్ని తనే అతుక్కుంటుంది. ఆ అతుకులో కొన్ని డీఎన్ఏ అక్షరాలు పోతే జన్యువు పనిచేయడం మానేస్తుంది. పని ముగిసిన క్యాస్ జన్యువును తర్వాతి తరాల్లో ఏరేస్తారు, పరాయి జన్యువు మిగలదు. పరాయి జన్యువున్న బీటీ పత్తితో దీన్ని కలిపి మాట్లాడకండి. దిగుబడి 19 శాతం ఎక్కువని సంస్థ అంటోంది. ఆ లెక్కలను ప్రశ్నించినవారూ ఉన్నారు. ప్రశ్నించాల్సిందే, పరీక్షల వివరాలన్నీ జనం ముందు పెట్టాల్సిందే.

నా మనసు మాత్రం అపరాల మీదే ఉంది. మధిర పరిశోధన స్థానం పేరు రైతు నోట నిలిచింది మధిర పెసర 295తో, మధిర మినుము 207తో. ఆ చేలకు పెద్ద శత్రువు తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు. లేత ఆకు మీద పసుపు మచ్చలు పడతాయి, చూస్తుండగానే ఆకంతా పసుపు రంగుకు మారుతుంది, కాయ ముడుచుకుపోతుంది. మందు కొడితే దోమ తగ్గుతుందేమో గానీ, తెగులు పట్టిన మొక్క కోలుకోదు.

మరి ఈ క్రిస్పర్ కత్తెర పెసర చేల దాకా ఎందుకు రాలేదు? సవరించిన కణం నుంచి నిండు మొక్కను తీయాలి. వరిలో అది అలవాటైన పని, అపరాల్లో కణజాలం మొండికేస్తుంది. ఈ ముడి విప్పనిదే క్రిస్పర్ ఎంత పదునైనా మన చేలకు అక్కరకు రాదు.

పట్టాలు అందుకుంటున్న మీలో ప్రయోగశాలకు వెళ్లేవాళ్లు ఆ మొండి పనినే ఎంచుకోండి. ఊళ్లకు వెళ్లేవాళ్లు పల్లాకు పట్టిన చేలో పచ్చగా నిలిచిన మొక్క కనబడితే, రైతునడిగి దాని గింజలు దాచి, మధిర పరిశోధన స్థానానికి చేర్చండి.