ఓడిపోతే ఆ అప్పు ఎవరిది?

(పాల్వంచలో కళాశాల విద్యార్థులూ, చుట్టుపక్కల గూడేల మహిళా సంఘాల సభ్యులూ కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగపాఠం. మాట్లాడిన తీరును మార్చకుండా అలాగే ఉంచాం.)

విద్యార్థి మిత్రులారా, ఒకరోజు కూలి వదులుకుని వచ్చిన అక్కలారా, చెల్లెళ్ళారా!

దేశవిదేశాల విద్యార్థులు జట్లుగా కలిసి, పేదరికం, ఆరోగ్యం, పర్యావరణం లాంటి సమస్యలకు చిన్న చిన్న వ్యాపారాల ద్వారా పరిష్కారం వెతికే కార్యక్రమాల గురించి మాట్లాడమన్నారు. ఇవి ఈ మధ్య పుట్టినవి కావు. అమెరికాలో 1975లో మొదలై, 2012 నుంచి ఎనాక్టస్ అనే పేరుతో నడుస్తున్న సంస్థకు మన దేశంలోని కాలేజీల్లోనూ శాఖలున్నాయి. హల్ట్ ప్రైజ్ అని ఇంకో పోటీ ఉంది. అందులో గెలిచిన విద్యార్థుల జట్టుకు పది లక్షల డాలర్ల పెట్టుబడి ఇస్తారు. మన తెలంగాణ సన్నకారు రైతుల కోసం చిన్న గ్రీన్‌హౌస్‌లు తయారు చేసిన ఖేతీ సంస్థ 2015లో మొదలైంది. మొదలుపెట్టిన వాళ్ళలో ఒకరు అప్పటికి అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థి. 2022లో దానికి ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. కాబట్టి విద్యార్థులు చేసేదంతా ఆట అని కొట్టిపారేయడానికి నేను రాలేదు. కాకపోతే ఆ గ్రీన్‌హౌస్ వేసిన చెలక పట్టా భర్త పేరన ఉందా, భార్య పేరన ఉందా అని అడిగే అలవాటు మా సంఘానికి ఉంది. ఏం చేస్తాం, అడక్కుండా ఉండలేం!

నా అనుభవం ఒకటి చెబుతాను. పదేళ్ళ పైమాట. కిన్నెరసాని వైపు ఒక కోయగూడేనికి ఒక నగరం కాలేజీ పిల్లలూ, వాళ్ళతోపాటు ఒక విదేశీ విశ్వవిద్యాలయం పిల్లలూ వచ్చారు. మంచి పిల్లలు. గూడెంలోనే పడుకున్నారు, పెట్టింది తిన్నారు. ఆడవాళ్ళు అడ్డాకులతో విస్తళ్ళు కుట్టి సంతలో అమ్మడం చూశారు. చేత్తో కుట్టే బదులు మిషను మీద అచ్చు ఒత్తితే పట్నంలో ఎక్కువ ధర వస్తుందని లెక్క వేశారు. లెక్క తప్పు కాదు. మిషనుకు సగం డబ్బు వాళ్ళు తెచ్చారు. మిగతా సగానికి పన్నెండుమంది ఉన్న పొదుపు సంఘం బ్యాంకులో అప్పు తీసుకుంది. సంఘాన్ని ఒప్పించిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

నాలుగో నెలలో మిషను ఆగింది. దానికి కావలసిన కరెంటు ఆ గూడేనికి రాదు. పాల్వంచలో థర్మల్ స్టేషన్ మొదటి యూనిట్ 1966లో మొదలైంది. ఆ పాత ప్లాంటు కాలం తీరి, దాని కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చేశారు కూడా. అంతకాలం దాని పొగ చూస్తూ బతికిన గూడెంలో దీపం మినుకుమినుకుమంటూనే వెలిగేది. వేడెక్కాల్సిన అచ్చు వేడెక్కేది కాదు, ఆకు చిట్లిపోయేది. బాగుచేసేవాడు కొత్తగూడెం నుంచి రావాలి, వస్తే ఛార్జీలు మనవే. అప్పటికి పిల్లలు చదువులకు వెళ్ళిపోయారు. వాళ్ళ ప్రాజెక్టుకు ఎక్కడో బహుమతి వచ్చిందని విన్నాం. ఇక్కడ సంఘం మాత్రం కూలి డబ్బుల్లోంచి దాదాపు మూడేళ్ళు కిస్తీలు కట్టింది. ఆ సంఘంలో ఒక పెద్దమ్మ నాతో అన్న మాట ఇది: “వాళ్ళకు మార్కులొచ్చినయి, మాకు కిస్తీలొచ్చినయి. నువ్వు మధ్యల ఉంటివి బిడ్డా.”

మధ్యలో ఉన్నాను, నిజమే. ఆ పిల్లలు ఇంగ్లీషులో ‘పైలట్’ అన్న మాటను నేను తెలుగులో ‘మొదలుపెడుతున్నాం’ అని చెప్పాను. నా తెలుగును గూడెం అమ్మాయి ఒకతి కోయలోకి మార్చింది. మూడు నోళ్ళు మారేసరికి అది ‘పని ఖాయం’ అయి కూర్చుంది. ‘చేసి చూస్తాం, కుదరకపోతే ఆపేస్తాం’ అని నేను చెప్పి ఉంటే ఆ పన్నెండుమందిలో ఎంతమంది వేలిముద్ర వేసేవాళ్ళో తెలియదు. భిన్న సంస్కృతుల కలయిక అంటే ఆటలూ పాటలూ, ఒకరి వంట ఒకరు తినడమూ అనుకుంటాం. అసలు కష్టం ఇలాంటి ఒక్క మాట దగ్గర వస్తుంది.

వ్యాపార పాఠాల్లో ఓటమి గురించి చాలా గొప్పగా చెబుతారు. త్వరగా ఓడిపోండి, నేర్చుకోండి, మళ్ళీ మొదలుపెట్టండి అంటారు. ఇరవై ఏళ్ళ విద్యార్థికి అది మంచి మాటే. కానీ ఆ ఓటమి ఖర్చు ఎవరి పద్దులో రాస్తున్నారో చూడండి. విద్యార్థికి అది అనుభవం, రేపు ఉద్యోగానికి రాసుకునే దరఖాస్తులో ఒక వాక్యం. సంఘం ఆడవాళ్ళకు అది బాకీ. 2010లో మైక్రోఫైనాన్సు కంపెనీల వసూళ్ళతో ఊళ్ళు అల్లాడి, ఆత్మహత్యల వార్తలు వచ్చి, చివరకు ఆ అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆడవాళ్ళు అప్పు ఎగ్గొట్టరు, పరువుకు భయపడి కట్టేస్తారు అన్న నమ్మకం మీదనే ఆ వ్యాపారమంతా నడిచింది. సమాజసేవ పేరుతో వచ్చే వ్యాపారం కూడా తెలిసో తెలియకో ఆ నమ్మకం మీదనే నిలబడితే దాన్ని సేవ అనలేం.

ఇక హక్కుల సంగతి. ఇది షెడ్యూల్డు ప్రాంతం. ఇక్కడ 1/70 ఉంది. గిరిజనుల భూమిని గిరిజనేతరులకు అమ్మడమే కాదు, కౌలుకివ్వడం కూడా ఆ చట్టం కింద చెల్లదు. కాబట్టి షెడ్డు వేసుకోవడానికి స్థలం లీజు రాయండి అని ఏ జట్టయినా అడిగితే వాళ్ళకు చట్టం తెలియదన్నమాట. 1996 నాటి పెసా చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలంది. 2006 అటవీ హక్కుల చట్టం వాటిని సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కు అడవిలో బతికేవాళ్ళదని రాసింది. అదే చట్టంలో చాలామంది చదవని మాట ఇంకొకటి ఉంది: జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి ఉమ్మడి హక్కు ఉంటుంది. ఇప్పపువ్వును ఎప్పుడు ఏరాలి, ఎలా ఆరబెట్టాలి, పురుగు పట్టకుండా ఎలా దాచాలి అని గూడెంలో ముసలమ్మ చెప్పినదాన్ని రాసుకుపోయి, ‘మా ఆవిష్కరణ’ అని పోటీలో చూపించడం తప్పు. మర్యాద సంగతి అటుంచి, ఆ తెలివి మీద గూడేనికి హక్కు ఉంది.

మరి మంచి ఉదాహరణ లేదా అంటే మన జిల్లాలోనే ఉంది. భద్రాచలంలో పొలం కూలికి వెళ్ళిన ఆడవాళ్ళు సంఘంగా చేరి, శిక్షణ తీసుకుని ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ పేరుతో చిరుధాన్యాల బిస్కెట్లు చేస్తున్నారు. వాళ్ళే ‘గిరి’ పేరుతో శానిటరీ ప్యాడ్లు మొదలుపెట్టి, మూడు నెలల్లో నలభై వేలు తయారుచేశారు. 2025 జూన్‌లో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలోనూ వీళ్ళ ప్రస్తావన వచ్చింది. బిస్కెట్లు లండన్ దాకా వెళ్ళాయని అందరూ చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం లండన్ కంటే ప్యాడ్ల సంగతి ఎక్కువ నచ్చింది. అవి బళ్ళకూ దగ్గరి ఆఫీసులకూ వెళ్తున్నాయి. కొనేవాళ్ళు పక్కనే ఉన్నారు, అవసరం ప్రతి నెలా ఉంటుంది, తయారుచేసే మనిషికి ఆ అవసరం ఏమిటో తన ఒంటికే తెలుసు. దూరదేశపు అంగడిలో ధర పడిపోతే బిస్కెట్టు ఆగిపోవచ్చు. హాస్టల్లో ఆడపిల్లకు వచ్చే నెలసరి ఆగదు కదా!

కాబట్టి ఈసారి ఎవరైనా వస్తే మేం ముందుగా ఏం అడుగుతామో చెబుతాను. అప్పు సంఘం పేర వద్దు. మొదటి ఏడాది నష్టం తెచ్చినవాళ్ళదే, కాలేజీదో విశ్వవిద్యాలయానిదో. పేరూ, గుర్తూ, అచ్చూ సంఘానివి. మా ఫొటో ఎక్కడ వేస్తారో ముందే చెప్పాలి. కాగితం తెలుగులో ఉండాలి, గ్రామసభలో కోయలో చదివి వినిపించాలి, వద్దంటే వెళ్ళిపోవాలి. వద్దనే అవకాశం లేకపోతే సరే అన్న మాటకు విలువ లేదు. మిషను పాడైతే ఎవరు వస్తారో ఫోన్ నంబరుతో సహా రాయాలి. ఇది చివర్లో చెప్పినా, ముందు రాయించేది ఇదే!

రావలసిన కాలం గురించి కూడా ఒక మాట. మార్చి, ఏప్రిల్‌లో ఆడవాళ్ళు తెల్లారకముందే ఇప్పచెట్ల కింద ఉంటారు. ఆ వెంటనే తునికాకు. యాభై ఆకులకు ఒక కట్ట కట్టి, కల్లానికి చేర్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అది అయ్యీ అవ్వగానే వానలు, విత్తనాలు. విదేశీ విశ్వవిద్యాలయాలకు సెలవులు సరిగ్గా అప్పుడే. మీటింగు పెట్టి, పిలిస్తే రాలేదని, ‘వీళ్ళకు ఆసక్తి లేదు’ అని నివేదికలో రాసిన జట్టును నేను చూశాను.

ఇక్కడి కాలేజీ పిల్లలకు ఒక మాట. భిన్న సంస్కృతి కోసం మీరు విమానం ఎక్కక్కర్లేదు. సల్వాజుడుం మొదలైన 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు చేతబట్టుకుని వచ్చిన గుత్తికోయ కుటుంబాలు మన అడవుల్లో ఉన్నాయి. వాళ్ళ ఆడవాళ్ళలో చాలామందికి తెలుగు రాదు. కుల ధ్రువపత్రం, పోడు హక్కు, రేషను, పిల్లల బడి, అన్నీ తగాదాలే. వాళ్ళకు కావలసింది వ్యాపారమో, ముందు ఒక కాగితమో, మీరు వెళ్ళి కూర్చుని వినండి. మీలో కోయ మాట్లాడగలవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. ముగ్గురు. బయటి నుంచి ఎవరు వచ్చినా ముందు ఈ ముగ్గురితో మాట్లాడాలి, వీళ్ళకు దుబాసీ పనికి జీతం ఇవ్వాలి. ఊరికే చేయించుకోకండి. నేను ఊరికే చేశాను, తప్పుగా చేశాను.

ఇంక నేను ఆపుతాను. ఆ విస్తళ్ళ మిషను సంఘంలోని ఇద్దరు ఇవాళ వచ్చారు. వాళ్ళు కోయలోనే మాట్లాడతారు, తెలుగు చేయడానికి చేతులెత్తిన ముగ్గురిలో ఒకరు ముందుకు రండి. అయిదింటి బస్సు తప్పితే వాళ్ళకు ఇవాళ ఇంటిదారి లేదు, కాబట్టి మీ ప్రశ్నలు ముందు వాళ్ళనే అడగండి.