ఓడ ఉద్యోగానికి తోట తాకట్టు పెట్టొద్దు

(ఉద్దానం రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం సభలో ఓడ ఉద్యోగాల మాట ఏమిటని కొందరు అడిగారు. జీడిపిక్కల ధర గురించి, కొబ్బరి తెగుళ్ల గురించి మాట్లాడాలి గదా అన్నారు. మా జవాబు ఒక్కటే. రైతు చేతిలోంచి భూమి ఏ దారిన పోతుంటే సంఘం ఆ దారికి అడ్డం నిలబడాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరిచెట్లు, జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపు చూడడానికి ఐదారేళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఇల్లు గడవాలంటే కుర్రాడు ఊరు దాటాలి. మన ప్రాంతం నుంచి వలసలు తుపానుకు ముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. సముద్రం పక్కన పుట్టినవాళ్లం, ఓడ ఎక్కడం మనకు కొత్త కాదు. కష్టపడి సరుకు ఓడల్లో, ప్రయాణికులు విహారానికి వెళ్లే క్రూయిజ్ షిప్పుల్లో పనిచేసి అప్పులు తీర్చినవాళ్లు మన మధ్యనే ఉన్నారు. కాబట్టి వెళ్లొద్దని మేం చెప్పడం లేదు. ఎలా వెళ్లాలో చెబుతున్నాం.

ముందుగా అసలు మాట. ఓడలో ఉద్యోగం ఇప్పించినందుకు కుర్రాడి దగ్గర ఏజెంటు డబ్బు తీసుకోకూడదు. ఇది మేం చెబుతున్న నీతి కాదు, చట్టం. 2006లో ప్రపంచ దేశాలు ఒప్పుకున్న సముద్ర కార్మికుల ఒప్పందం ఒకటుంది. దాన్ని మన దేశం 2015లో ఆమోదించింది. దాని ప్రకారం పాస్‌పోర్టు, సీమెన్ పుస్తకం, మెడికల్ సర్టిఫికెట్ ఖర్చులు కార్మికుడు పెట్టుకోవచ్చు. వీసా ఖర్చు మాత్రం ఓడ యజమానిదే. ఉద్యోగం చూపించినందుకు ఫీజు అనేది అసలు లేనే లేదు. అందుచేత ‘సీటు ఖాయం, మూడు లక్షలు తెండి’ అని ఎవడైనా అన్నాడంటే, వాడు తప్పు చేస్తున్నట్టు వాడి నోటితోనే చెప్పినట్టు.

మరి నిజమైన ఏజెంటును పోల్చుకోవడం ఎలా? మన దేశంలో ఓడలకు మనుషుల్ని పంపే ప్రతి సంస్థకూ ముంబైలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే లైసెన్సు ఉండాలి. దాన్ని ఆర్‌పీఎస్‌ఎల్ అంటారు. లైసెన్సు నంబరు అడగండి. డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో సంస్థ పేరు, చిరునామా, గడువు తేదీ సరిపోయాయో లేదో చూడండి. గోడకు వేలాడే ఫొటోస్టాటు కాగితాన్ని నమ్మొద్దు. లైసెన్సు ముంబైలో ఒకరిది, ఇక్కడ టీకొట్టు దగ్గర డబ్బు వసూలు చేసేది ఇంకొకరు అయితే అక్కడే ఆగిపోండి. క్రూయిజ్ కంపెనీలు చాలావరకు తమ సొంత వెబ్‌సైటులోనే మన దేశంలో తమ తరఫున మనుషుల్ని తీసుకునే సంస్థ పేరు రాస్తాయి. ముందు అది చూసి, తర్వాత అడుగు వేయండి.

ఇప్పుడు కాగితాల సంగతి. మొదటిది పాస్‌పోర్టు. పదో తరగతి సర్టిఫికెట్టులో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఇంటిపేరు, పుట్టినతేదీ ఒకేలా ఉండాలి. మన ఇళ్లలో ఎక్కువ ఆలస్యం ఇక్కడే జరుగుతుంది. ఇంటర్వ్యూ పిలుపు రాకముందే సరిచేయించుకోండి. రెండోది ఇండాస్ నంబరు. ఇది డీజీ షిప్పింగ్ ఇచ్చే గుర్తింపు సంఖ్య. మూడోది ప్రాథమిక భద్రత శిక్షణ. నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, సొంత భద్రత, ఓడ సెక్యూరిటీ అని ఐదు చిన్న కోర్సులు ఉంటాయి. అన్నీ కలిపి సుమారు రెండు వారాలు. డీజీ షిప్పింగ్ అనుమతి ఉన్న సంస్థలోనే చేయాలి. వేరేచోట ఇచ్చే కాగితం చెల్లదు. నాలుగోది సీడీసీ, అంటే సీమెన్ పుస్తకం. ఐదోది, డీజీ షిప్పింగ్ గుర్తించిన డాక్టరు దగ్గర వైద్య పరీక్ష.

ఇక్కడే ఒక మోసం జరుగుతుంది. ‘ఇండియా సీడీసీ ఆలస్యం, ఫలానా దేశం సీడీసీ వారంలో ఇప్పిస్తాం’ అంటారు. ఆ పుస్తకం పట్టుకుని విజిటింగ్ వీసా మీద గల్ఫుకు వెళ్లి, పేరూ ఊరూ లేని చిన్న ఓడ ఎక్కి, జీతం లేక, తిండి లేక, తిరిగి రావడానికి దారి లేక రేవుల్లో చిక్కుకున్న మన దేశపు కుర్రాళ్లు ఎంతోమంది. వారం రోజుల తొందరకు నెలల తరబడి నరకం అనుభవించారు.

కాగితాలు సిద్ధమయ్యాక ఉద్యోగం రావాలంటే పని రావాలి. క్రూయిజ్ షిప్పు అంటే నీళ్ల మీద తేలే పెద్ద హోటలు. వంటశాల సహాయకుడు, గిన్నెలు కడిగేవాడు, గదులు సర్దేవాడు, వెయిటరు, లాండ్రీ మనిషి, ఇలా ఉంటాయి పనులు. పెద్ద హోటల్లో ఏడాదో రెండేళ్లో చేసిన అనుభవం ఉంటే చాలా మేలు. విశాఖలోనో హైదరాబాదులోనో ముందు ఆ పని చేసి, అనుభవ సర్టిఫికెట్ తీసుకోండి. చేయని పని చేసినట్టు రాయించుకోవద్దు. ఇంటర్వ్యూలో నాలుగు ప్రశ్నలకే అది బయటపడుతుంది. ఇంగ్లీషు గొప్పగా రానక్కర్లేదు. మంటలు వచ్చినప్పుడు చెప్పింది అర్థం కావాలి, ప్రయాణికుడు అడిగిందానికి జవాబు చెప్పగలగాలి. రోజూ అరగంట బిగ్గరగా మాట్లాడి అలవాటు చేసుకోండి. తెలియని ప్రశ్నకు తెలియదనే చెప్పండి. శుభ్రమైన బట్టలు, టైముకు హాజరు, నిదానంగా మాట్లాడడం కూడా మార్కులే.

ఎంపికయ్యాక సంతకం పెట్టేముందు అగ్రిమెంటు ఇంట్లో నలుగురు కూర్చుని చదవండి. ఓడ పేరు, కంపెనీ పేరు, పని, నెల జీతం, కాంట్రాక్టు ఎన్ని నెలలు, తిరిగొచ్చే టికెట్టు ఎవరిది అన్నవి అందులో ఉండాలి. టిప్పులు కలిపి నోటితో చెప్పే జీతం వేరు, కాగితం మీద ఖాయంగా ఉన్న జీతం వేరు. అప్పు తీర్చే లెక్క రెండోదాని మీద వేసుకోండి. ఒక కాపీ ఇంట్లో ఉంచి వెళ్లండి.

అక్కడి బతుకు కూడా తెలుసుకోవాలి. సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టు. వారంలో ఏడు రోజులూ పని. ఒప్పందం ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. 2020 ఫిబ్రవరిలో జపాను రేవులో డైమండ్ ప్రిన్సెస్ అనే ఓడలో కరోనా వచ్చి వేలమంది చిక్కుకున్నప్పుడు, అందులో మన దేశపు సిబ్బంది 100 మందికి పైగా ఉన్నారు. తర్వాత ప్రపంచమంతటా క్రూయిజ్ ఓడలు ఆగిపోయాయి. వర్షం నమ్ముకున్న రైతుకు కరువు ఉన్నట్టే, పర్యాటకుణ్ణి నమ్ముకున్న కార్మికుడికీ కరువు ఉంటుంది. అందుకే తోట అమ్మి ఓడ ఎక్కకూడదు. ఓడ దిగి వచ్చినప్పుడు నిలబడడానికి నేల ఉండాలి.

అమ్మలకు ఒక మాట. కొడుకు బాగుపడాలని పుస్తెలు తాకట్టు పెట్టడానికి ముందుకొచ్చేది మీరే. ఆ డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటు చేతిలో పోస్తే, ఉద్యోగం వచ్చినా మొదటి కాంట్రాక్టు జీతమంతా వడ్డీ వ్యాపారి దగ్గరికే పోతుంది. రాకపోతే తోట పోతుంది. కోర్సులకు, పాస్‌పోర్టుకు, వైద్య పరీక్షకు పెట్టండి. ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. బ్యాంకు ద్వారా కట్టండి. రసీదు ఇవ్వనివాడికి పైసా ఇవ్వొద్దు.

ఇప్పటికే డబ్బు ఇచ్చినవాళ్లు సిగ్గుపడి దాచుకోవద్దు. ఫోను సందేశాలు, చెల్లింపు వివరాలు, పాస్‌పోర్టు తీసుకున్న రుజువులు పోగు చేయండి. పోలీసులకు, డీజీ షిప్పింగ్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. విశాఖపట్నంలో మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంటు కార్యాలయం ఉంది, అక్కడికీ వెళ్లొచ్చు. ఒక్కడు వెళితే రేపు రమ్మంటారు. పదిమంది కలిసి వెళితే కుర్చీ వేస్తారు. ఇది మనకు ధాన్యం కొనుగోలు దగ్గర తెలిసిన విషయమే.

సంఘం తరఫున మేం చేయదలచింది ఇది. ప్రతి గ్రామ కమిటీలో ఓడల్లో పనిచేసి వచ్చినవాళ్లు ఇద్దరుంటారు. ఎవరైనా ఏజెంటు ఊళ్లోకి వస్తే ముందు వాళ్ల ముందు కూర్చోవాలి. లైసెన్సు నంబరు చూపించాలి. ఏ కుర్రాడూ అగ్రిమెంటు ఒక్కడే చదవకూడదు. మన పిల్లలు సముద్రం మీదికి వెళ్లనీ, నాలుగు దేశాలు చూడనీ, సంపాదించుకురానీ. పట్టాదారు పాసుపుస్తకం మాత్రం ఇంట్లో పెట్టెలోనే ఉండాలి.

సెలవు. రైతు ఐక్యత వర్ధిల్లాలి!