లడఖ్ దారిలో మకాములు



మోటారుసైకిలుపై లడఖ్ పోదలచిన మన యువకులు నన్ను దారి అడుగుచున్నారు. రాత్రి పడక ఎచ్చటనో ముందు నిర్ణయించుకొనుడని నా మనవి. మనాలి సుమారు 2,050 మీటర్ల ఎత్తున, సర్చూ సుమారు 4,300 మీటర్ల ఎత్తున ఉన్నవి. ఒక్క పగటిలో అంత ఎత్తెక్కి గుడారమున పరుండిన నాడు నాకు తల పగిలినట్లుండెను, తెల్లవారువరకు వాంతులు. బండికి మాత్రమేమియు కాలేదు!

మరుసారి శ్రీనగరు మీదుగా పోయి, సుమారు 2,700 మీటర్ల ఎత్తుననున్న కార్గిల్‌లో ఒక రాత్రి ఆగితిని. పిమ్మట 3,500 మీటర్ల లేహ్ చేరి, రెండు దినములు బండి ముట్టలేదు. అటుపై లేహ్‌నే మకాముగా నుంచుకొని, సామాను బసలో విడిచి, ఖార్దుంగ్‌లా కనుమ వరకు పోయి, చీకటి పడకమునుపే తిరిగివచ్చితిని. పెట్రోలు, మరమ్మతు, ఆసుపత్రి మూడును ఆ పట్టణమున కలవు. కనుమపై తల తిరిగినచో ఫొటోలకై నిలువక వెంటనే దిగుడు.